రాఘవులు పెదనాయిన చివరి బంటు

రాఘవులు పెదనాయిన ఇంకా బతికే ఉన్నాడని మొన్న కోదాడ నుంచి ఫోన్ వచ్చేదాకా నాకు తెలియదు. తెలియగానే సంతోషం వేసింది. మంచి మనసుతో కలిగిన సంతోషం కాదది. మనం పగబట్టిన మనిషి మనకు చెప్పకుండా పోతే ఆ పగను తీసుకెళ్ళి ఏ గోడకు కొట్టుకోవాలి? ఫోన్ చేసింది ఒక ఆడమనిషి. నా పేరు లావణ్య, బ్యాంకులో పనిచేస్తాను, రాఘవులు గారి మనవరాలిని అని చెప్పుకుంది. మీరు సూర్యాపేట పంతులు గారి అమ్మాయి రూతు మేడమేనా అని అడిగింది. తాతయ్య మంచం పట్టారని, మిమ్మల్ని ఒక్కసారి రమ్మంటున్నారని, వచ్చి ఒక్క ఆట ఆడి వెళ్ళమని ప్రాధేయపడి చెప్పమన్నారని అంది. ఏ ఆట అని నేను అడగలేదు. లావణ్య అన్న పేరు దగ్గరే నా చెవి ఆగిపోయింది. ఆ పేరు పెట్టిన రోజు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆదివారం వస్తానని చెప్పాను. చాలా మర్యాదగా చెప్పాను.

సూర్యాపేట నుంచి కోదాడకు ఇప్పుడు ఏసీ బస్సులో ఒక కునుకు తీసేలోపు వెళ్ళిపోవచ్చు. నేను కునుకు తీయలేదు. రోడ్డు పక్కన బిర్యానీ హోటళ్ళు, పెట్రోలు బంకులు, ఫంక్షన్ హాళ్ళు వెనక్కి పోతుంటే, నా కళ్ళకు మాత్రం మా పాత ఇంటి వరండా ఒక్కటే కనిపిస్తూ ఉంది. షాబాదు బండల వరండా, మూడు మెట్లు, మెట్ల పక్కన అమ్మ పెంచిన మల్లెతీగ. ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళివచ్చాక అమ్మ తెల్లచీర మార్చుకుని పాతది కట్టుకుని రోటి ముందు కూర్చునేది. ధనియాలు, గసాలు, ఎండుకొబ్బరి వేయించిన వాసన వీధి మలుపు దాకా పోయేది. నాన్న కూడా ఇస్త్రీ చొక్కా తీసి కొక్కేనికి తగిలించి, బనీను మీదే వరండాలోకి వచ్చి, కళ్ళజోడును పంచె అంచుతో తుడుచుకుంటూ వీధి వైపు చూస్తూ కూర్చునేవాడు. కాసేపటికి మసాలా వాసనలోకి ఇంకో వాసన వచ్చి కలిసేది. యూరియా, పురుగుమందు, చెమట కలగలిసిన ఘాటు వాసన. రాఘవులు పెదనాయిన వచ్చాడని నేను తల ఎత్తకుండానే చెప్పేదాన్ని. పెదనాయిన అన్నది పిలుపే గానీ చుట్టరికం కాదు. ఆయనకు బజారులో ఎరువుల దుకాణం ఉండేది. ఎన్ని సబ్బులు రుద్దుకున్నా ఆ వాసన ఆయన్ని వదిలేది కాదు. చంకలో ఎర్రగుడ్డ సంచి, సంచిలో కర్రతో చేసిన చదరంగం కాయలు. బల్ల మాది, కాయలు ఆయనవి.

ఇద్దరూ ఆట నేర్చుకున్నది ఒక్క చోటే, ఒక్క మనిషి దగ్గరే. సాగర్ ఎడమ కాలువ తవ్వుతున్న రోజుల్లో నాన్నకు మిర్యాలగూడ బడిలో మొదటి పోస్టింగు వచ్చింది. రాఘవులు పెదనాయిన అప్పుడు అక్కడ మేనమామ కొట్లో పని నేర్చుకుంటున్నాడు. కాలువ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న ఖాసిం సాబు అనే పెద్దాయన సాయంత్రాలు బడి అరుగు మీద బల్ల పరిచి ఈ ఇద్దరు కుర్రవాళ్ళనూ ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడట. ఇద్దరికీ చెప్పిన ఎత్తులు అవే, ఇద్దరినీ తిట్టిన తిట్లూ అవే. అందుకే ఇద్దరూ సరిసమానం. ఈ వారం ఒకరిది పైచేయి అయితే వచ్చే వారం ఇంకొకరిది. ఎక్కువ ఆదివారాలు ఎటూ తేలకుండానే బల్ల ఎత్తేసేవాళ్ళు. మనుషులు మాత్రం ఒక్క తీరు కాదు. పెదనాయిన కాయను బల్ల మీద టక్కున కొట్టి పెట్టేవాడు. పెట్టి, చెవి తమ్మె రుద్దుకుంటూ చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూసేవాడు. నాన్న కాయను చప్పుడు కాకుండా జరిపేవాడు. జరిపే ముందు ఒక కీర్తన రాగాన్ని ముక్కుతో సన్నగా తీసేవాడు. రాగం ఆగిందంటే ఎత్తు ఖాయమైనట్టు.

ఖాసిం సాబు నేర్పిన ఆటలో ఒక పాత కట్టుబాటు ఉండేది. దాన్ని చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. ఎదుటివాడి సేననంతా చంపేసి రాజును ఒంటరిగా మిగిలిస్తే అది గెలుపు కాదు. దాన్ని బుర్జు అనేవాళ్ళు. బుర్జు పడితే ఆట అక్కడికి ఆగిపోతుంది, ఇద్దరూ సమానం. అందుకని గెలవబోయేవాడు ఎదుటివాడికి కనీసం ఒక బంటునైనా తోడుంచి, అప్పుడు ఆటకట్టు చెయ్యాలి. రాజును చంపొచ్చు గానీ దిక్కులేనివాణ్ణి చేసి చంపొద్దు అని ఖాసిం సాబు చెప్పేవాడట. చేతకాని ఆటగాళ్ళు ఆబగా చివరి బంటును కూడా తినేసి, గెలిచే ఆటను పోగొట్టుకుని, నవ్వులపాలయ్యేవాళ్ళు. నాన్నకు గానీ పెదనాయినకు గానీ ఆ పొరపాటు ఎప్పుడూ జరగలేదు. ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆయన అన్ని ఆదివారాలు మా వరండాలో కూర్చున్నాడు గానీ మా ఇంట్లో టీ తాగిన పాపాన పోలేదు. అమ్మ ప్రతిసారీ పెట్టేది. ఇత్తడి పళ్ళెంలో రెండు గాజు గ్లాసులు. నాన్న గ్లాసు ఖాళీ అయ్యేది. ఆయన గ్లాసు మీద మీగడ కట్టేది. ఇప్పుడే తాగొచ్చిన చెల్లె, కడుపుల మంట చెల్లె, ఇట్లా ఏదో ఒకటి చెప్పేవాడు. ఎందుకు తాగడో మా వాడలో ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని లేదు. అమ్మ ఆ చల్లారిన టీని తీసుకెళ్ళి మల్లెతీగ మొదట్లో పోసేది.  మళ్ళీ ఆదివారం మళ్ళీ రెండు గ్లాసులు. నేనైతే మొదటి వారమే ఆపేసి ఉండేదాన్ని.

పెదనాయిన కొడుక్కు తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. పాపకు పేరు పెట్టి తొట్టెలలో వేసిన రోజు మమ్మల్ని కూడా పిలిచారు. అమ్మ తెల్లచీర కట్టుకుని, నా రెండు జడలకూ రిబ్బన్లు కట్టి తీసుకెళ్ళింది. నాన్నకు ఆ రోజు బడి తనిఖీ ఉండి రాలేదు. ఇల్లంతా బంతిపూలు, సాంబ్రాణి పొగ, కాగిన నెయ్యి వాసన. మేము వెనక వసారాలో కూర్చున్నాం. పాప ఎవరి చేతుల్లోనూ ఏడుపు ఆపడం లేదు. తల్లి, నాయనమ్మ, వియ్యపురాలు, వీధిలో వాళ్ళు, అందరూ ఎత్తుకుని చూశారు. చివరికి ఎవరో అమ్మ చేతికిచ్చారు. అమ్మకు పిల్లలంటే ప్రాణం. భుజాన వేసుకుని వీపు నిమురుతూ ఏదో జోలపాట పాడింది. పాప నిద్రపోయింది. అందరూ అబ్బ అన్నారు. నాకు గర్వంగా అనిపించింది. మేము భోజనం చేసి, వాళ్ళు కట్టి ఇచ్చిన లడ్డూలు టిఫిను గిన్నెలో పెట్టుకుని బయలుదేరుతుంటే లోపల గోల మొదలైంది. పాప మెడలో బంగారు గొలుసు లేదట.

ఆ పాపను ఎత్తుకోని ఆడమనిషి ఆ ఇంట్లో లేదు. కానీ గడప దగ్గర ఆపింది ఒక్క మా అమ్మనే. పెదనాయిన భార్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి అమ్మ చేతిలోని టిఫిను గిన్నె తీసుకుని మూత తెరిచారు. లడ్డూలు ఒక్కొక్కటే విరిచి చూశారు. చెంగు విప్పించారు. చెంగు ముడిలో ఉన్న చిల్లర, నా కోసం దాచిన వక్కపొడి పొట్లం కింద పడ్డాయి. రవిక దగ్గర చెయ్యి పెట్టి తడిమారు. నా రిబ్బన్లు కూడా విప్పి చూశారు. పెదనాయిన నడి గడప మీద నిలబడి ఉన్నాడు. పక్కన మిర్యాలగూడ నుంచి వచ్చిన ఆయన వియ్యంకుడు, అంటే పాపకు తల్లి వైపు తాత. పెదనాయిన మా అమ్మను చెల్లె అని పిలిచేవాడు కదా, ఒక్క మాట అంటాడని నేను ఆయన ముఖంలోకి చూస్తున్నాను. అన్నాడు.

"ఇంకేమన్న ఉన్నదా? సూసుకోండ్రి."

కోపంగా కూడా అనలేదు. దుకాణంలో బస్తాలు దించేవాళ్ళకు చెప్పినట్టు చెప్పాడు. అమ్మ రెండు చేతులూ పక్కకు చాపి నిలబడింది. వెతికి, ఏమీ లేదని వదిలేశారు. మేము వీధి మలుపు తిరగకముందే వెనక నుంచి దొరికింది దొరికింది అని కేకలు, నవ్వులు వినిపించాయి. తొట్టెల చీర మడతల్లోనే ఉందట. అమ్మ ఆగింది. ఎవరైనా బయటికి వచ్చి పిలుస్తారని ఆగిందని నాకు తెలుసు. ఎవరూ రాలేదు. అమ్మ నా జుట్టు చేత్తో సరిచేసి, పద అంది. ఆ విరిచిన లడ్డూలను మురికి కాలువలో పారబోసి, గిన్నెను బోరింగు దగ్గర కడిగి ఇంటికి తీసుకొచ్చింది.

ఇంటికి వచ్చిన నాన్నకు అమ్మ చెప్పలేదు. నేను చెప్పాను. లడ్డూలు విరిచిన సంగతి నుంచి పెదనాయిన అన్న మాట దాకా అంతా చెప్పాను. నాన్న వింటూ కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నాడు. గోడకున్న కర్ర తీసుకుని వీధిలోకి పరిగెత్తుతాడని అనుకున్నాను. ఆయన వెళ్ళి అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు, అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతకన్నా మండింది ఆదివారం రోజు. ఎర్రగుడ్డ సంచి చంకలో పెట్టుకుని, ఏమీ జరగనట్టే ఆయన మా మెట్లెక్కాడు.

"ఆడోళ్ళు జర పరేషానై పోయిండ్రు పంతులూ. మనసుల పెట్టుకోకు."

నాన్న కుర్చీ జరిపి కూసో అన్నాడు. ఆట ఆడాడు. లోపల రోటి ముందు అమ్మ, గుమ్మం అవతల ఆయన. మధ్య పట్టుమని పది అడుగులు లేవు. అటు వైపు ముఖం తిప్పి ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆడోళ్ళ మీదికి నెట్టేసి బంట్లు పేర్చుకున్నాడు. అమ్మ ఆ వారం కూడా రెండు గ్లాసుల టీ పెట్టింది. నేను ఆయన గ్లాసులో ఉప్పు వేశాను. ఎట్లాగూ తాగడని తెలిసీ వేశాను. అది మల్లెతీగకే దక్కింది.

ఆ వానాకాలమంతా నేను నాన్నతో సరిగా మాట్లాడలేదు. చర్చిలో పాస్టరు గారు క్షమించండి క్షమించండి అని చెబుతుంటే కళ్ళు గట్టిగా మూసుకుని ఆ ఎరువుల దుకాణం వానకు కూలిపోవాలని ప్రార్థన చేసేదాన్ని. బస్తాలు తడవాలి, యూరియా నీళ్ళపాలు కావాలి, ఆయన నడి బజారులో నెత్తిన చెయ్యి పెట్టుకోవాలి. దేవుడు ఆ ప్రార్థన వినలేదు గానీ, వినడం లేదని నేను మానలేదు. ఇంట్లో మాత్రం ఆదివారాలు మామూలుగానే నడిచాయి. ఒకరోజు పట్టలేక నాన్నను నిలదీశాను. గా మనిషితోని ఎట్ల ఆడుతున్నవ్ నాయినా, సిగ్గులేదా అన్నాను. అంత మాట అన్నందుకు కొడతాడనుకున్నాను. నాన్న మాత్రం, "మేమిద్దరం సమానం బిడ్డా. నేను అనుకున్నంత మాత్రాన అయితదా, ఆయన గూడ తప్పు చెయ్యాలె" అన్నాడు. అప్పుడు నాకు ఏమీ అర్థం కాలేదు. ఆటలో గెలిస్తే ఏమొస్తుంది, లడ్డూలు అతుక్కుంటాయా అనుకున్నాను.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం పెదనాయిన వెంట వియ్యంకుడు కూడా వచ్చాడు. మా బావ మన ఆట చూడాలని మిర్యాలగూడ నుంచి పనిగట్టుకుని వచ్చిండు పంతులూ అని గొప్పగా పరిచయం చేశాడు. ఆ వియ్యంకుడు నన్ను చూసి గుర్తుపట్టాడు. ముఖం తిప్పుకున్నాడు. వరండాలో ఎప్పటిలాగే వాడలో నలుగురైదుగురు చూడటానికి చేరారు. ఆ రోజు అమ్మ రోటి ముందు కూర్చోలేదు. గుమ్మం దగ్గర గోడకానుకుని నిలబడింది. టీ కూడా పెట్టలేదు. నాన్న ముందే చెప్పాడో, ఆమెకే తెలిసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

పెదనాయిన బావ ముందు గొప్ప చూపించుకోవాలని మొదట్లోనే మంత్రిని బయటికి తీశాడు. టక్కు టక్కుమని కొడుతూ, చెవి తమ్మె రుద్దుతూ, బావ వైపు చూస్తూ ఆడాడు. నాన్న ముక్కులో రాగం సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి ఆగింది. గుర్రం దూకింది. ఒక పక్క రాజుకు షా, అంటే చెక్, ఇంకో పక్క మంత్రి మీద గురి. రాజు తప్పుకున్నాడు, మంత్రి పోయింది. ఇద్దరు సమానమైన ఆటగాళ్ళ మధ్య మంత్రి పోయిందంటే ఇక ఆట లేదు. అక్కడి నుంచి నాన్న తొందరపడి గెలవలేదు. ఒక్కొక్కటే తీసుకున్నాడు. ఒంటె, గుర్రం, ఏనుగు, ఇంకో ఒంటె. తీసిన ప్రతి కాయనూ బల్ల పక్కన వరుసగా నిలబెట్టాడు. మధ్యలో ఆటకట్టు చేసే దారి రెండు మూడుసార్లు వచ్చింది. చూస్తున్నవాళ్ళు అదిగో అదిగో అని వేలు చూపించారు. నాన్న వాళ్ళ వైపు కూడా చూడలేదు. పెదనాయిన చెయ్యి చెవి మీద నుంచి ఎప్పుడో దిగిపోయింది.

చివరికి బల్ల మీద ఆయనకు మిగిలింది మూలన రాజు, మధ్యలో ఒకే ఒక్క బంటు. నాన్నకు రెండు ఏనుగులు, ఒక గుర్రం. ఏనుగును కింది వరుసకు దించితే ఆటకట్టు. నాకే తెలుస్తోందంటే చూసేవాళ్ళందరికీ తెలిసినట్టే. పెదనాయిన నవ్వడానికి ప్రయత్నించి, ఓడిన పంతులూ ఒప్పుకుంటున్న అంటూ రాజును పడుకోబెట్టబోయాడు. నాన్న ఆయన చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని ఆపాడు. ఆట అయిపోలే, రాజు మీద చెయ్యెయ్యకు అన్నాడు. నాన్న గొంతు అట్లా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. తర్వాత ఏనుగును ముట్టుకోలేదు. గుర్రాన్ని ఎత్తి ఆ చివరి బంటును కొట్టాడు. బంటును తీసి మిగతా వాటి పక్కన నిలబెట్టాడు. ఆ తర్వాత వియ్యంకుడి వైపు తిరిగి, మెల్లగా, బస్తాలు దించేవాళ్ళకు చెప్పినట్టే చెప్పాడు.

"ఇంకేమన్న ఉన్నదా? సూసుకోండ్రి."

 వాడలో వాళ్ళకు ఆ మాట ఎక్కడిదో తెలుసు. వియ్యంకుడికీ తెలుసు. ఆయన చెప్పులు వెతుక్కున్నాడు. నాన్న బల్ల మీద మిగిలిన ఆ ఒంటరి రాజును చూపించి, బుర్జు, సమానం అన్నాడు. పెదనాయిన గుమ్మం వైపు చూశాడు. గోడకానుకున్న అమ్మ ఈసారి తల వంచుకోలేదు. అప్పుడు కూడా ఆయనకు ఆ ఒక్క మాట రాలేదు. కాయలన్నీ గబగబా సంచిలో వేసుకుని మెట్లు దిగిపోయాడు. మళ్ళీ ఎక్కలేదు. కొన్నాళ్ళకు దుకాణం ఎత్తేసి కోదాడలో పెట్టుకున్నారని విన్నాం. ఆ రోజు అమ్మ ఆలస్యంగా వండిన మాంసం కూర నేను మూడుసార్లు పెట్టించుకుని తిన్నాను. నాన్నతో మాట్లాడటం కూడా ఆ రోజు నుంచే మళ్ళీ మొదలుపెట్టాను.

అయితే మా అమ్మ సంగతి ఒకటి ఉంది. నాన్న ఆటతో నా కడుపు నిండింది గానీ ఆమె చేతులకు పట్టింది వదల్లేదు. ఆ తర్వాత అమ్మ ఎవరింటికి వెళ్ళినా సంచి తీసుకెళ్ళలేదు. ఎవరేం కట్టిచ్చినా తెచ్చుకోలేదు. బయలుదేరేటప్పుడు గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, చెంగు దులిపి, రెండు అరచేతులూ కనబడేలా పెట్టుకుని నడిచేది. పక్కింటి వాళ్ళ పసిపిల్లలను ఎత్తుకోవడం మానేసింది. నాకు కూతురు పుట్టి, దవాఖాన నుంచి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టబోతే చేతులు వెనక్కి తీసుకుంది. "ముందుగాల పాప మెడల గొలుసు తీసి లోపల పెట్టు. తర్వాత ఇయ్యి" అంది. కన్న కూతురితో అన్న మాట ఇది. నేను బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. అమ్మ పోయేదాకా ఆ అలవాటు పోలేదు. ఒక మనిషికి ఒక్క పూటలో చేసిన పని ఇన్నేళ్ళు ఉంటుందని చేసినవాళ్ళకు ఎప్పటికీ తెలియదు. వాళ్ళు మనసుల పెట్టుకోకు అని చెప్పి వెళ్ళిపోతారు.

కోదాడలో ఇల్లు మూడంతస్తులది. గేటు మీద కెమెరా, మెట్లకు స్టీలు రెయిలింగు. లావణ్య గేటు దాకా ఎదురొచ్చింది. కళ్ళ కింద నలుపు, తలలో నెరిసిన వెంట్రుకలు. తొట్టెలలో పడుకున్న పాప ఈమేనా అని ఒక్క క్షణం నాకు చిత్రంగా అనిపించింది. ఆమె మీద నాకేం కోపం లేదు. మంచి పిల్ల. కూర్చోగానే టీ తెచ్చింది. నేను తాగాను, చుక్క మిగల్చకుండా తాగాను. యాలకులు వేసిన చక్కని టీ. మా ఇంట్లో వాళ్ళ తాత తాగనన్ని టీలకు బదులు అనుకున్నాను. లావణ్య తాత గురించి చెబుతూ, రోజూ ఇదే వరస మేడమ్, లేవగానే బల్ల మీద ఆ ఆరు కాయలూ అట్లాగే పేర్చుకుని కూర్చుంటారు, మిగతావి ఎప్పుడో పోయాయి, ఎవరినీ ముట్టుకోనివ్వరు అంది. "ఫోన్లో ఆడే ఆటలో ఆ బుర్జు రూలే లేదండీ. రాజు ఒక్కడే మిగిలినా ఆట సాగుతూనే ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పినా తాతయ్య వినరు." ఇప్పటి ఆటలో బుర్జు లేదు, నిజమే. నేను బడిలో పిల్లలకు నేర్పినప్పుడు కూడా లేదు. మా నాన్న ఆ ఆదివారం ఏం చేశాడో ఈ కాలం పిల్లలకు చెబితే, మీ నాన్నగారికి రూల్సు తెలియవేమో అంటారు. నాన్న పోయాక, తెలిసిన మనిషి ఇక ఈ లోకంలో ఒక్కడే మిగిలాడు. ఆయన కోసమే నేను బస్సెక్కి వచ్చాను.

కిటికీ పక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. ఎండిపోయాడు. యూరియా వాసన లేదు, పౌడరు, టాబ్లెట్ల వాసన. ముందు చిన్న టేబుల్ మీద బల్ల. మూలన రాజు, మధ్యలో ఒక బంటు. ఎదురుగా రెండు ఏనుగులు, గుర్రం, నాన్న రాజు. ఒక్క గడి కూడా తేడా లేదు. పంతులు బిడ్డవే గద, రా బిడ్డా అన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. 

"మీ నాయిన నన్ను ఓడగొట్టలే. ఓడిన అంటే ఒప్పుకోనూ లే. ఓడినోడైతే మల్లొచ్చి ఆడొచ్చు. నన్ను ఎటూ గాకుంట ఇడిసిపెట్టిండు. నువ్వు గా ఏనుగును జరుపు బిడ్డా. ఒక్క ఎత్తు. ఆటకట్టు జెయ్యి. నేను నిమ్మళంగ పోత."

ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే మోస్తున్నానని అనుకున్నాను. ఆయన కూడా మోశాడన్నమాట. కాదనను, ఆ ముసలి ముఖం చూస్తే జాలి వేసింది. చెయ్యి ఏనుగు వైపు పోయింది కూడా. జరిపితే అయిపోతుంది. కానీ ఆయన మోసింది దేన్ని? అది తెలుసుకోవాలి కదా. అందుకే అడిగాను.

"ఆ దినం నాయిన గట్ల ఎందుకు చేసిండో నీకు తెల్వదా పెదనాయినా?"

లావణ్య మంచం అంచున కూర్చుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఏం జరిగింది తాతయ్యా అని అడిగింది. ఆయన మనవరాలి వైపు చూశాడు. తర్వాత బల్ల వైపు చూశాడు. నేను ఆగాను. వీధి మలుపులో అమ్మ ఆగినట్టే ఆగాను. మా అమ్మ పేరు మరియమ్మ. నాలుగు అక్షరాలు. ఆ పేరు ఎత్తితే చాలు, తప్పయింది అని కూడా అక్కర్లేదు, ఏనుగును దించేసి ఆయన కాళ్ళకు దండం పెట్టి వచ్చేదాన్ని.

"పాత ముచ్చట్లు ఇప్పుడెందుకు బిడ్డా. నువ్వు ఎత్తు ఎయ్యి" అన్నాడు.

వేశాను. గుర్రాన్ని ఎత్తి బంటును కొట్టాను. చప్పుడు కాకుండా, మా నాన్న జరిపినట్టే జరిపాను.  ఇంకేమన్న ఉన్నదా పెదనాయినా, సూసుకో అన్నాను. బుర్జు, సమానం అని కూడా అన్నాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మ కోసం కాదని నాకు తెలుసు కాబట్టి నాకు ఏమీ అనిపించలేదు. లావణ్యకు ఏమీ అర్థం కాలేదు. పాపం, ఫోన్లో ఆటకు అలవాటుపడిన పిల్ల, గెలిచే ఎత్తు పక్కనే ఉంది కదా మేడమ్ అంది. ఉంది తల్లీ, చూశాను అని చెప్పి లేచాను.

కొట్టిన బంటు నా గుప్పిట్లోనే ఉంది. చెక్క నున్నగా అరిగిపోయి, కొద్దిగా నూనె పట్టి ఉంది. దాన్ని బల్ల పక్కన నిలబెట్టలేదు. నా సంచిలో వేసుకున్నాను. రేపు పొద్దున ఆయన ఆ కాయలు పేర్చుకోబోతే ఒకటి తక్కువ పడుతుంది. ఇక మిగిలేది బుర్జే. లావణ్య లోపలికి వెళ్ళి స్వీట్ల డబ్బా తెచ్చి, పిల్లలకు ఇవ్వండి మేడమ్ అని తనే నా సంచి నోరు తెరిచి లోపల పెట్టింది. నాతో పాటు మెట్లు దిగి, గడప దాటించి, గేటు తీసి పట్టుకుంది. ఆటో ఎక్కేదాకా నిలబడి చెయ్యి ఊపింది. ఇంకేమన్న ఉన్నదా అని ఎవరూ నన్ను అడగలేదు.